ధర మారాక టికెట్ మార్పిడి: తేడా ఎంత, ఎవరు కట్టాలి?

తెర_లేచింది
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఒక చిన్న నాటక సమాజం. కౌంటరు, ఫోన్ బుకింగులు నేనే చూస్తాను. ఇప్పుడు ఆడుతున్న నాటకం రెండు వారాంతాలు, మధ్యలో ఒక బుధవారం. మధ్య వరుసలు మొదట్లో శని, ఆదివారాలకు 350, బుధవారానికి 300 పెట్టాం. మొదటి వారాంతం నిండిపోయింది. అందుకని రెండో వారాంతానికి 350ని 450 చేశాం. బుధవారం మాత్రం కదలడం లేదు, దాన్ని 200కి దించాం. ముందు వరుసలు ఇప్పుడు 500. వాటిని కూడా శుక్రవారం నుంచి 600 చేద్దామని కమిటీవాళ్ళ ఆలోచన.

ఇప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. "శనివారం రాలేం, ఆదివారానికి మార్చండి" అంటారు. వాళ్ళు కట్టింది 350, ఇవాళ ఆదివారం ధర 450. వంద అడగాలా వద్దా? శనివారం టికెట్‌ను బుధవారానికి మార్చుకుంటాం, మిగతా 150 వెనక్కిమ్మనేవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. మన ఊళ్ళో డబ్బు పెట్టి తెలుగు నాటకం చూసేవాళ్ళే తక్కువ. పరిషత్తు పోటీలయినా, రవీంద్రభారతి, త్యాగరాయ గానసభల్లో జరిగే చాలా కార్యక్రమాలయినా ఉచితమే. అలాంటిది, టికెట్ కొన్న మనిషి నొచ్చుకుని వెళ్తే మళ్ళీ రాడు. అలాగని సమాజం డబ్బు వదిలేయలేను. పద్ధతి ఉన్నవాళ్ళు చెప్పండి.

సైక్లోరామా
మేం ఇవాళ్టి ధర చూసి తేడా తీసుకుంటాం, అంతే. కొత్త సీటు కావాలంటే కొత్త ధర. విమానం టికెట్‌కీ అంతే కదా, ఎవరూ అడగరు. మీరు వంద వదిలేస్తే ఆదివారం 450కి అమ్ముడుపోయే సీటు 350కి పోయినట్టే.

మూడో_వరుస
నేను ప్రేక్షకుణ్ణి. నా వైపు నుంచి చెప్తాను. ముందే నమ్మి కొన్నది నేను. నాటకం ఎలా ఉంటుందో తెలియక ముందే 350 పెట్టాను. తర్వాత మీకు పేరొచ్చి ధర పెంచుకున్నారు, సంతోషం. నేను రోజు మార్చమంటే ఆ పెరిగిన వంద నా నెత్తిన వేస్తే, ముందు కొన్నందుకు నాకు మిగిలిందేంటి? ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చో, ఉప్పల్‌లో మ్యాచ్ ఉండి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామనో రోజు మార్చమంటాం. లాభం కోసం కాదు.

పాత_బుకింగ్
అక్కా, నేను క్రాస్‌రోడ్స్ దిక్కు సినిమా టాకీసుల బుకింగ్‌ల కూసున్నోన్ని. మా దగ్గర మార్చుడు అనే ముచ్చటే లేకుండె. షో అయిపోంగనే డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క (డైలీ కలెక్షన్ రిపోర్ట్), రాయాలె, అది డిస్ట్రిబ్యూటర్‌కు పోవాలె. ఏ క్లాసుల ఎన్ని తెగినయ్, ఎంత వచ్చింది అన్నీ అండ్ల ఉంటయ్. మ్యాట్నీ టికెట్ ఫస్ట్ షోకు మారిందంటే రెండు డీసీఆర్‌లు తప్పయితయ్. అందుకే అమ్మిన టికెట్ వాపసు లేదని బోర్డు.

ఇంకోటి, సినిమాకు రేటు టాకీసోని ఇష్టం కాదు. 2021 డిసెంబర్‌ల వచ్చిన జీవో 120 ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌ల 150 దాటొద్దు, మల్టీప్లెక్సుల 250, రిక్లైనర్ అయితే 300, దాని మీద జీఎస్టీ. పెద్ద సినిమాలకు సర్కారు ప్రత్యేకంగ పర్మిషన్ ఇస్తేనే పెంచేది. మీ నాటకాలకు గా బంధనం లేదు. రేటు మీ చేతులనే ఉన్నది, మార్చుడు గూడ మీ చేతులనే ఉన్నది. అందుకే రూలు మీరే రాసుకోవాలె, అది గూడ అమ్ముడు సురువు గాకముందే రాయాలె.

డేటా_పోగు
నేను ఇక్కడ రెండు మూడు సమాజాలకు టికెట్ షీట్లు, చిన్న సాఫ్ట్‌వేర్లు తయారుచేసి ఇస్తుంటాను. అక్కా, ముందుగా ఒక ప్రశ్న. 350ని 450 చేసినప్పుడు సిస్టంలో ఉన్న "మధ్య వరుస" ధరనే దిద్దారా, లేక కొత్త ధర వర్గం పెట్టారా?

తెర_లేచింది
ఉన్నదాన్నే దిద్దారు. రిపోర్టు తీస్తే మొదటి వారం అమ్మినవి కూడా 450 చొప్పున చూపిస్తోంది. బ్యాంకు లెక్కకీ దానికీ పొంతన లేదు. ఎందుకో మాకు అర్థం కాలేదు.

డేటా_పోగు
కారణం అదే. ఆ సాఫ్ట్‌వేర్ టికెట్ మీద ధర రాసుకోవడం లేదు. "ఈ సీటు మధ్య వరుస" అని మాత్రం గుర్తుపెట్టుకుని, రిపోర్టు అడిగినప్పుడల్లా మధ్య వరుస ధర ఎంత అని చూస్తోంది. దిద్దగానే పాత అమ్మకాల విలువ కూడా మారిపోయింది. ఇప్పుడు మార్పిడి చేస్తే 350 కట్టిన మనిషికి 450 జమ చూపిస్తుంది. బుధవారం 300కి కొన్నవాళ్ళ టికెట్‌ను 200 అంటుంది. మార్పిడిలో గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

ముందు ఆ ధరను తిరిగి 350 చేయండి. "మధ్య వరుస, రెండో వారం" అని కొత్త వర్గం తెరిచి, ఇంకా అమ్మని సీట్లనూ, 450కి అమ్మినవాటినీ మాత్రమే అందులోకి మార్చండి. బుధవారానికీ అలాగే. పాత వర్గాన్ని అమ్మకానికి మూసేయండి, తుడిచేయకండి.

అదీ కుదరకపోతే గూగుల్ షీట్ చాలు. ఒక్కో టికెట్‌కి ఒక్కో వరుస. సీటు, షో, కొన్న తేదీ, చేతికొచ్చిన డబ్బు, ఎలా కట్టారు, ఇప్పుడు చెల్లుతుందా రద్దయిందా. డబ్బు గడిలో సూత్రం (ఫార్ములా) పెట్టకండి, అంకె రాయండి. సూత్రం పెడితే మళ్ళీ ఇదే తిరకాసు.

సైక్లోరామా
సరే, లెక్క సరిగ్గా పడటం వేరు. తేడా ఎంత తీసుకోవాలన్న ప్రశ్న అలాగే ఉంది కదా.

డేటా_పోగు
దానికే వస్తున్నాను. ఇక్కడ రెండు రకాల తేడాలు కలిసిపోతున్నాయి. ఒకటి రోజును బట్టి వచ్చే తేడా: బుధవారం చవక, ఆదివారం ప్రియం. అది మొదటి నుంచీ ఉన్నదే, కొన్నవాళ్ళకీ తెలుసు. రెండోది కాలాన్ని బట్టి వచ్చే తేడా: అదే ఆదివారం నిన్న 350, ఇవాళ 450. మొదటి తేడా తీసుకోవాలి. రెండోది తీసుకోకూడదు. ఈ రెంటినీ విడదీయడానికి ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ మనిషి టికెట్ కొన్న రోజునే ఇప్పుడు అడుగుతున్న సీటు కొని ఉంటే ఎంత పెట్టేవాడు?

అక్క చెప్పిన ధరలతోనే చూద్దాం. శనివారానికి 350 పెట్టి కొన్నారు, ఆదివారం కావాలి. కొన్న రోజున ఆదివారం కూడా 350. తేడా సున్నా. బుధవారానికి 300 పెట్టి కొన్నవాళ్ళు ఆదివారం అడిగితే, ఆ రోజున ఆదివారం 350, కాబట్టి 50 కట్టాలి. నిన్న బుధవారం 200కి కొని ఇవాళ ఆదివారం అడిగేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళు కొన్న నాటికి ఆదివారం 450. 250 కట్టాలి. చవక రోజు కొని మంచి రోజుకి జారుకునే దారి దీంతో మూసుకుపోతుంది.

బుధవారానికి మార్చుకుని 150 అడిగేవాళ్ళ సంగతి కూడా ఇదే. వాళ్ళు శనివారం టికెట్ కొన్న రోజున బుధవారం 300 ఉంది. రావాల్సింది 50, 150 కాదు.

ఎన్నిసార్లు మార్చినా, చివరికి ఏ సీట్లో కూర్చున్నారో ఆ సీటుకి మొదటిసారి కొన్న నాటి ధరే మొత్తం కట్టినట్టవుతుంది. అందుకే షీట్లో మొదట కొన్న తేదీ పోకూడదు. మార్చిన ప్రతిసారీ కొత్త వరుసలోకి ఆ తేదీనే మోసుకెళ్ళాలి.

మూడో_వరుస
పెంచినప్పుడు నా వైపు ఉంది, బాగుంది. తగ్గించినప్పుడు నా వైపు లేదేంటండీ? అదే బుధవారం సీటు పక్కవాడు 200కి కొంటే, నేను 300 లెక్కన కూర్చోవాలి.

డేటా_పోగు
అవునండీ, తప్పదు. ఒకే కొలత రెండు వైపులా వాడితేనే కౌంటర్లో ఉన్నవాళ్ళు ధైర్యంగా చెప్పగలరు. పెరిగితే పాత ధర, తగ్గితే కొత్త ధర అన్నామంటే, ప్రతిసారీ నష్టపోయేది సమాజమే.

పాత_బుకింగ్
గిక్కడ నాదొక మాట. రేటు దించుడే తప్పు. కొన్నోళ్ళ కండ్ల ముందే 300ను 200 చేస్తె వాళ్ళకు మండదా? రేటు 300 అట్లనే ఉండనియ్యాలె. కాలేజీ పిల్లలకు ఐడీ చూపిస్తే 200 అనో, ఇద్దరొస్తే ఇంత తక్కువ అనో రాయితీ పెట్టాలె. రాయితీ అంటే దానికి షరతు ఉంటది. షరతుల లేనోడు అడగడు, ఉన్నోనికి ఇచ్చుడు మనకు సంతోషమే. సీట్లు నిండుతయ్, రేటుకు ఇజ్జత్ ఉంటది.

మూడో_వరుస
ఇది ఒప్పుకుంటాను. విద్యార్థికి తగ్గిస్తే నాకు బాధ లేదు.

సైక్లోరామా
పోగు గారూ, మీ కొలత బాగానే ఉంది గానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఆదివారం 450కి అమ్మగలిగే సీటు 350 లెక్కన పోతోంది. ఆ వంద పోలేదా?

డేటా_పోగు
మరి శనివారం సీటు ఖాళీ అయింది కదండీ. దాన్ని ఇప్పుడు 450కి అమ్ముతారు. ఆ మనిషి శనివారమే కూర్చున్నా 350 లెక్కన ఒక సీటు పోయేది, ఆదివారం కూర్చున్నా ఒక సీటే పోతోంది. నష్టం ఎప్పుడొస్తుందంటే, ఖాళీ అయిన సీటును తిరిగి అమ్మే వ్యవధి లేనప్పుడు. శనివారం ఆరున్నరకి ఆట, ఐదింటికి ఫోన్ చేసి మార్చమంటే అప్పుడు పోయింది వంద కాదు, మొత్తం సీటు.

సైక్లోరామా
ఇది నేను ఆలోచించని కోణం. అయితే గడువు పెట్టాలి. మా దగ్గర ముందురోజు రాత్రి దాకా అనుకుంటే సరిపోతుందేమో. గడువు దాటాక మాత్రం ఇవాళ్టి ధరే తీసుకుంటాను, ఇందులో మారను.

పాత_బుకింగ్
గడువుకు మినహాయింపు గూడ రాసుకోవాలె. నిమజ్జనం రోజు రోడ్లు బందయితయ్, వాన దంచితే ఖైరతాబాద్ కాడ మోకాలి లోతు నీళ్ళు. గసుంటి రోజు మనిషి రాలేకపోతే గడువని పట్టుకు కూసుంటే బాగుండదు. నిమజ్జనం తారీకు ముందే తెలుస్తది గద, ఆ రోజు ఆటే పెట్టకపోతే ఇంక మంచిది.

జమాఖర్చు
ఆలస్యంగా వచ్చాను. నేను అకౌంట్స్ చూసే మనిషిని, కొన్ని సమాజాలకు లెక్కలు రాస్తాను. మీరంతా 350, 450 దగ్గరే ఆగిపోయారు. నన్ను భయపెట్టింది మొదటి పోస్టులో ఉన్న ముందు వరుసల 600.

నాటకం, నృత్యం, సర్కస్ లాంటి వాటికి ప్రవేశ రుసుం మనిషికి 500 దాటకపోతే జీఎస్టీ లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ పరిమితి 250. 2018 జనవరి 25 నుంచి 500 చేశారు. 500 దాటితే 18 శాతం. దాటిన వంద మీద కాదు, మొత్తం మీద.

అంటే ఏమవుతుందో చూడండి. టికెట్ మీద "600, పన్నులతో కలిపి" అని వేస్తే అందులో పన్ను 91 రూపాయల 53 పైసలు. మీకు మిగిలేది 508 రూపాయల 47 పైసలు. ప్రేక్షకుడి దగ్గర వంద ఎక్కువ తీసుకుని సమాజానికి చేరేది ఎనిమిదిన్నర. 590 పెడితే సరిగ్గా 500 మిగులుతుంది, అంటే పెంచినా పెంచనట్టే. పన్ను విడిగా వేస్తే ప్రేక్షకుడు 708 కట్టాలి.

ఇక మార్పిడి. 500 టికెట్‌కి పన్ను లేదు కాబట్టి ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై, అంటే పన్ను లేని బిల్లు. 600 టికెట్‌కి ట్యాక్స్ ఇన్వాయిస్, అంటే పన్ను చూపే బిల్లు. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చాలంటే "వంద తీసుకుని సీటు మార్చాం" అని రాస్తే కుదరదు. పాతది రద్దు చేసి పూర్తి డబ్బు వెనక్కి రాసి, కొత్తది పూర్తి విలువకు ఇవ్వాలి. వెనక్కి వచ్చేటప్పుడు, అంటే 600 నుంచి 500కి దిగితే, ట్యాక్స్ ఇన్వాయిస్‌కి క్రెడిట్ నోట్ (ఆ బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ఇవ్వాలి. సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ అది. కౌంటర్లో అక్కయ్య ఒక్కరే ఉండి, వెనక క్యూ ఉన్నప్పుడు ఇది జరిగే పని కాదు.

అసలు మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్నారా?

తెర_లేచింది
లేదండీ. ఏడాది మొత్తం కలిపినా మా రాబడి అంత ఉండదు.

జమాఖర్చు
సేవలకైతే తెలంగాణలో ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అప్పుడు 600 పెట్టినా పన్ను వసూలు చేయరు, చేయకూడదు కూడా. కానీ 20 లక్షల లెక్కలో టికెట్లతో పాటు మీ సమాజం చేసే ఇతర వ్యాపార సేవల రాబడి కూడా కలుస్తుంది. స్మరణికలో ప్రకటనలు, స్పాన్సర్ బ్యానర్లు, వర్క్‌షాపు ఫీజులు అన్నీ కూడి చూసుకోండి. దరిదాపుల్లో ఉంటే 500 గీత దాటకండి.

తెర_లేచింది
చాలా మేలు చేశారు. స్పాన్సర్ డబ్బులు నేనెప్పుడూ ఆ లెక్కలో వేయలేదు. 600 ఇంకా అమ్మకానికి పెట్టలేదు కాబట్టి ఇవాళ సాయంత్రమే కమిటీకి ఈ లెక్క చూపిస్తాను. ముందు వరుసలు 500 దగ్గరే ఉంచమంటాను.

గ్రూప్_బుకింగ్
మా కాలేజీ తరఫున బస్సు కట్టించుకుని పిల్లల్ని తీసుకొస్తుంటాను, మాకు పది టికెట్లు దాటితే పది శాతం తగ్గిస్తారు. అందులో నలుగురు వేరే రోజుకి మారతామంటే వాళ్ళ టికెట్ విలువ 350 అనుకోవాలా 315 అనుకోవాలా? ఒకచోట 350 అని మార్చి ఇచ్చారు, ఇంకోచోట 315 అన్నారు.

జమాఖర్చు
కట్టింది 315, విలువ 315. కట్టని డబ్బుకి జమ ఇవ్వరు. మిగిలినవాళ్ళు పది కన్నా తగ్గితే వాళ్ళ రాయితీ వెనక్కి తీసుకోవాలా అంటే, నా ఉద్దేశంలో వద్దు. పిల్లల్ని నాటకానికి తీసుకొచ్చే మాస్టారి దగ్గర 35 రూపాయల కోసం మళ్ళీ లెక్క తీయకూడదు. కానీ మారిన నలుగురికి కొత్త రోజున రాయితీ వర్తించదు, 35 చొప్పున కట్టాలి.

పాసులు కూడా అంతే. డబ్బు కట్టని పాసు విలువ సున్నా. పాసుని మార్చి టికెట్ ఇమ్మంటే మొత్తం ధర.

పాత_బుకింగ్
పాసులోళ్ళే ఎక్కువ లొల్లి చేస్తరు. గది మాత్రం గట్టిగ ఉండాలె అక్కా.

తెర_లేచింది
డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఎలా? ఆ 50 రూపాయలు చేతికి ఇచ్చేయమంటారా, తర్వాతి నాటకానికి కూపన్ ఇవ్వమంటారా?

సైక్లోరామా
కూపన్. మళ్ళీ వస్తారు.

మూడో_వరుస
నాకు కూపన్ ఇస్తే తీసుకుంటాను గానీ, అడిగి ఇవ్వండి. నా డబ్బుని నన్నడక్కుండా మీ దగ్గర ఉంచుకోకండి.

జమాఖర్చు
మూడో వరుస గారి మాటే సరైనది. ఏది కావాలో అడగండి. డబ్బే అంటే, ఏ దారిన వచ్చిందో ఆ దారినే పంపండి. యూపీఐలో కట్టినవాళ్ళకి నగదు ఇవ్వకండి. ఆన్‌లైన్ గేట్‌వే ద్వారా వస్తే అక్కడి నుంచే రీఫండ్ చేయండి. నగదు చేతికిచ్చాక, అదే మనిషి కార్డు బ్యాంకులో ఫిర్యాదు చేసి మళ్ళీ వెనక్కి తీసుకుంటే నిరూపించడం కష్టం. గేట్‌వే వాళ్ళు చాలావరకు తమ రుసుం తిరిగివ్వరు. కాబట్టి పెద్ద టికెట్ మొత్తం రద్దు చేసి మళ్ళీ అమ్మడం కన్నా, పన్ను లేని టికెట్లయితే తేడా మాత్రమే కదిలించండి. లెక్కలో రెండు వరుసలు, బ్యాంకులో ఒక్క తేడా.

డేటా_పోగు
చేసే క్రమం కూడా ముఖ్యం. ముందు కొత్త సీటు పట్టుకోండి, తర్వాతే పాతది వదలండి. తిరగేసి చేస్తే, ఫోన్లో మాట్లాడుతుండగానే ఆన్‌లైన్‌లో ఆ ఆదివారం సీటు ఎవరో కొనేస్తారు. శనివారం సీటు కూడా అప్పటికే పోయి ఉంటుంది. ఫోన్లో ఉన్న మనిషికి రెండూ లేవు.

ఇంకొకటి, పాత క్యూఆర్. వాట్సాప్‌లో ఒకసారి పంపాక అది ఎక్కడెక్కడికి వెళ్ళిందో చెప్పలేం. కొత్త టికెట్‌కి కొత్త నంబరు ఇవ్వండి, పాతది స్కాన్ చేస్తే "మార్చబడింది" అని రావాలి. షీట్ వాడుతుంటే గేటు దగ్గరున్న పిల్లల చేతిలో రద్దయిన నంబర్ల జాబితా ఉండాలి.

పాత_బుకింగ్
కాగితం టికెట్ అయితే పాతది చేతికిచ్చినంకనే కొత్తది ఇయ్యాలె. మా టైంల ఫొటో చూపిచ్చి మార్చమనే ముచ్చటే లేదు.

తెర_లేచింది
అందరికీ చాలా కృతజ్ఞతలు. కమిటీతో మాట్లాడి వచ్చాను. ముందు వరుసలు 500 దగ్గరే ఆపేశాం. బుధవారం ధర మళ్ళీ 300 చేసి, విద్యార్థులకు 200 రాయితీ అని మార్చాం. ఈలోగా 200కి కొన్నవాళ్ళ టికెట్లు అలాగే చెల్లుతాయి.

కౌంటరు దగ్గర అతికించడానికి ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

"ఆటకు ముందురోజు రాత్రి 9 గంటల లోపు ఒకసారి టికెట్ మార్చుకోవచ్చు. మీరు టికెట్ కొన్న రోజున కొత్త సీటుకు ఉన్న ధరనే లెక్కలోకి తీసుకుంటాం. ఎక్కువైతే తేడా కట్టాలి, తక్కువైతే మీ కోరిక ప్రకారం డబ్బుగానో కూపన్‌గానో ఇస్తాం. మార్పిడికి వేరే రుసుం లేదు. సీటు ఉంటేనే మార్పిడి."

పక్కనే ఏ తేదీ నుంచి ఏ షోకి ఎంత ధర ఉందో పట్టిక పెడుతున్నాను. నేను లేనప్పుడు కూర్చునే పిల్లలు కూడా చూసి చెప్పగలగాలి.

మూడో_వరుస
ఇది చదివితే నాకు నమ్మకం కలుగుతుంది. అదే వాక్యం టికెట్ మెసేజ్‌లో కూడా పంపండి, కొన్నప్పుడే తెలుస్తుంది.

సైక్లోరామా
"ఒకసారి" అన్నది బాగుంది. నేను మా గడువు మార్చుకుని ఈ పద్ధతే వచ్చే నాటకానికి పెట్టి చూస్తాను.

జమాఖర్చు
ఒక్కటి మిగిలింది అక్కా. హాలుకి అన్ని రోజులూ అద్దేనా, ఏ రోజైనా వసూళ్ళలో వాటా ఉందా?

తెర_లేచింది
బుధవారం మాత్రం వాటా. వాళ్ళకి వసూళ్ళలో 30 శాతం.

జమాఖర్చు
అయితే పాత బుకింగ్ గారు చెప్పిన డీసీఆర్ సంగతి మీకూ వర్తిస్తుంది. బుధవారం నుంచి ఆదివారానికి టికెట్ మారితే, ఆ 300 బుధవారం వసూళ్ళలోంచి తీసేసి 350 ఆదివారంలో కలపాలి. ఆదివారం నుంచి బుధవారానికి వస్తే 300 అక్కడ చేరాలి, హాలువాళ్ళకి దానిలో 90 వెళ్ళాలి. డబ్బు ఎప్పుడు చేతికొచ్చినా లెక్క ఆట జరిగిన రోజు కిందే రాయండి. బుధవారం ఆట అయ్యాక ఆ రాత్రే లెక్క ముగించి హాలువాళ్ళ సంతకం తీసుకోండి. గడువు ముందురోజు రాత్రి 9 అన్నారు కాబట్టి ఆ తర్వాత అందులో మార్పులు ఉండవు.

తెర_లేచింది
సరేనండీ. షీట్లో "ఏ షో కింద" అని ఇంకో గడి పెడుతున్నాను.

డేటా_పోగు
పెట్టాక నాకు ఒకసారి పంపండి అక్కా, షో వారీగా మొత్తాలు వచ్చేలా కింద కూడిక వేసిస్తాను.